ఆ డెనాన్ కార్ట్రిడ్జ్ కొనబోయేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి

కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. కానీ ఈ సాయంత్రం నాకు పాడైన డెనాన్ డీఎల్-103 కార్ట్రిడ్జ్ (రికార్డ్ ప్లేయర్ ఆర్మ్ చివర ముల్లు ఉండే చిన్న భాగం) అంటగట్టిన అదే మనిషి ఇంకో డీఎల్-103 అమ్మకానికి పెట్టాడని చూశాక ఆగలేకపోయాను. అతనెవరో హైదరాబాద్‌లో రికార్డులు కొనే మనవాళ్ళకి చెప్పనక్కర్లేదు. ఆ పెద్ద హాలు, మనిషెత్తు స్పీకర్లు, ట్యూబ్ ఆంప్లిఫయర్లు, ఆ ఫోటోలు మీరందరూ చూసే ఉంటారు. పేరు మాత్రం రాయను.

డీఎల్-103 అంటే నాకు పదేళ్ళ ఆశ. జపాన్ రేడియో స్టేషన్ల కోసం 1960ల్లో పుట్టిన డిజైన్, ఇన్నేళ్ళయినా ఇంకా తయారవుతూనే ఉంది. ఇది ఎంసీ (మూవింగ్ కాయిల్) రకం, ఇలాంటి కార్ట్రిడ్జ్‌లో అరిగిన ముల్లుని మనం ఇంట్లో మార్చుకోలేం కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో కొనడం రిస్క్ అని తెలుసు. తెలిసీ వెళ్ళాను. వంద గంటలు కూడా వాడలేదన్నాడు, 14,000 అన్నాడు, ఇంటికొచ్చి విని తీసుకెళ్ళమన్నాడు. వినిపిస్తానంటున్నాడంటే మోసం ఉండదులే అనుకున్నాను.

అక్కడ ఏం జరిగిందో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీకూ ఇలాగే జరుగుతుంది. నేను నా స్టీరియో రికార్డు ఒకటి సంచిలో తీసుకెళ్ళాను. దాన్ని బయటికి తీస్తుంటే, "ముందు ఇది వినండి సార్" అని ఘంటసాల గారి పాత మోనో ఎల్పీ పెట్టాడు. పెడుతూ ప్రీ ఆంప్ మీద చిన్న బటన్ ఒకటి నొక్కాడు. మోనో బటన్. "పాత రికార్డులు మోనోలోనే వినాలి, గీతల చప్పుడు తగ్గుతుంది" అన్నాడు. అది నిజమే, అందుకే నాకు అనుమానం రాలేదు. ఆ గొంతు ఆ హాల్లో నిండిపోతే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మొదటి పాట అవగానే ఆర్మ్ ఎత్తేశాడు. రెండో వైపు కూడా అంతే, మొదటి పాట ఒక్కటే. నా రికార్డు పెడదామంటే, "ఎవరో వస్తున్నారు సార్, టైం అయిపోయింది" అన్నాడు. డబ్బు పంపించి, డబ్బా తీసుకుని వచ్చేశాను.

ఆ బటన్ నొక్కిన వేలు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. మోనో నొక్కితే రెండు ఛానెళ్ళూ కలిసిపోయి రెండు స్పీకర్లలోనూ ఒకటే వస్తుంది. ఒక ఛానెల్ చచ్చిపోయి ఉన్నా తెలియదు! ఇరవై ఏళ్ళుగా రికార్డులు వింటున్నవాణ్ణి, ఇది నాకు తెలియని సంగతి కాదు. ఎదురుగా నొక్కుతుంటే చూస్తూ కూర్చున్నాను.

ఇంటికొచ్చి బిగించాను. కుడి స్పీకర్ లో గొంతు, శ, స వచ్చిన ప్రతిచోటా బరబర. తప్పు నాదే అనుకున్నాను. రెండు రాత్రులు ప్రొట్రాక్టర్ (కోణం కొలిచే స్కేలు) పెట్టి అలైన్‌మెంట్ సరిచేశాను, ముల్లు రికార్డు మీద మోపే బరువు 2.5 గ్రాములు ఉందో లేదో గేజ్ మీద పదిసార్లు చూశాను, ఆర్మ్ లోపలికి లాగకుండా ఆపే యాంటీ స్కేటింగ్ మార్చి మార్చి విన్నాను. మూడో రోజు హెడ్‌షెల్ (కార్ట్రిడ్జ్ బిగించే ఆర్మ్ చివరి భాగం) వైర్లు కుడివి ఎడమకి, ఎడమవి కుడికి మార్చాను. లోపం ఎడమ స్పీకర్‌లోకి వెళ్ళింది. అంటే ఆంప్ కాదు, స్పీకర్ కాదు, కార్ట్రిడ్జే. సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లో నగల పని చేసే స్నేహితుడి దగ్గరికి పట్టుకెళ్ళి అతని భూతద్దంలో చూస్తే, కాంటిలీవర్ (ముల్లుని పట్టుకునే సన్నని కడ్డీ) చివర జిగురు ముద్ద, ముల్లు ఒక పక్కకి ఒరిగి ఉంది. ఎవరో పాత ముల్లు పీకేసి వేరేది అతికించారు. ఇందులో కంపెనీ తప్పేమీ లేదు.

14,000 పోతే పోయింది. నేను ఇదంతా రాస్తున్నది దాని కోసం కాదు. ఆ మూడు రోజులూ సరిచేసి సరిచేసి వినడానికి నేను పెట్టింది నాన్న రికార్డు. 1978లో విజయవాడ వన్ టౌన్‌లో కొన్న బాలమురళీకృష్ణ గారి ఎల్పీ. జాకెట్ వెనక నీలం ఇంకుతో నాన్న పేరు, తేదీ. ప్రతి స్వరం నాకు కంఠతా వచ్చు కాబట్టి తేడా వెంటనే పట్టుకోవచ్చని అదే పెట్టాను. స్టీరియో గాడికి రెండు గోడలుంటాయి, బయటి గోడ మీద కుడి ఛానెల్ ఉంటుంది. ఆ ఒరిగిన ముల్లు ఆ గోడనే గీకింది. ఇప్పుడు నా పాత కార్ట్రిడ్జ్ పెట్టి విన్నా కుడి పక్కన అదే బరబర. నలభై ఏళ్ళకి పైగా నాన్న గుడ్డతో తుడిచి దాచుకున్న రికార్డుని నేను మూడు రోజుల్లో పాడు చేశాను. అమ్మకి ఇంకా చెప్పలేదు.

ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా? "మా ఇంట్లో మీ చెవులతోనే విన్నారు కదా సార్. మీ సిస్టమ్‌కి ఈ కార్ట్రిడ్జ్‌ని పలికించే స్థాయి లేదు." నాన్న రికార్డు సంగతి చెప్పాను. "దుమ్ము పట్టిన రికార్డులు వేసి నా వస్తువుని అంటే ఎలా" అన్నాడు. మోనో బటన్ ఎందుకు నొక్కారని అడిగాను. ఫోన్ పెట్టేశాడు. తర్వాత బ్లాక్. తప్పైపోయింది అని ఒక్క మాట అని ఉంటే ఇది రాసేవాణ్ణి కాదేమో.

వెళ్ళేవాళ్ళుంటే మీ స్టీరియో రికార్డు మీరే పట్టుకెళ్ళండి, పోయినా బాధపడనిది. మోనో తీయించి వినండి. ప్రతి వైపూ చివరి పాట దాకా వినండి. అంచు దగ్గర గాడి సెకనుకి అర మీటరు వేగంతో ముల్లు కింద నడుస్తుంది, లేబుల్ దగ్గరికొచ్చేసరికి అది సగం కూడా ఉండదు, ముల్లు బాగోలేకపోతే అక్కడ బయటపడుతుంది. భూతద్దం ఒకటి జేబులో పెట్టుకోండి. ఇంకొకరి హాల్లో వినేది ఆ హాలుని, ఆ స్పీకర్లని కూడా, కార్ట్రిడ్జ్ ఒక్కదాన్నే కాదు.

ఇంకొకటి. కోటిలోనో, ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో, ఎవరి ఇంటి అటక మీదనో 70ల నాటి బాలమురళి గారి హెచ్‌ఎంవీ స్టీరియో ఎల్పీలు కనిపిస్తే లేబుల్ ఫోటో తీసి నాకు పంపండి. నాన్న దగ్గరున్నదేనేమో పోల్చి చూసుకుంటాను. జాకెట్ లేకపోయినా ఫర్వాలేదు, జాకెట్ నా దగ్గరే ఉంది.