చిన్న కోత కాదు, పెద్ద కోతే మేలన్న సర్జన్ మేడమ్

మా అమ్మకి 56 ఏళ్లు. బయాప్సీలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని తేలింది, తొలి దశ. గుంటూరులో ముందు చూపించిన చోట "కీహోల్ చేసేద్దాం, నాలుగు చిన్న రంధ్రాలే, మూడో రోజు ఇంటికెళ్లిపోవచ్చు" అన్నారు. అడ్వాన్స్ కూడా కట్టేశాం. ఎందుకో నా మనసు ఒప్పుకోక అమ్మని విజయవాడలో ఇంకో సర్జన్ మేడమ్‌కి చూపించాను. ఈ రివ్యూ ఆవిడ ఓపీ గురించే.

పొద్దున తొమ్మిదికి టోకెన్ తీసుకుంటే ఒంటిగంటన్నరకి పిలిచారు. కూర్చోడానికి కుర్చీలు చాలవు. అక్కడ ఒక స్టార్ తగ్గించాను.

లోపల మాత్రం 40 నిమిషాలు మాట్లాడారు. చీటీ వెనక్కి తిప్పి గర్భాశయం బొమ్మ గీశారు. కీహోల్‌లో గర్భాశయాన్ని అటూ ఇటూ కదపడానికి కింద నుంచి ఒక పరికరం పెడతారట. గడ్డ ఉండేది సరిగ్గా దాని దారిలోనే. పొట్టలోకి గ్యాస్ ఎక్కిస్తారు, గర్భాశయాన్ని వేరుచేసే కోత కూడా పొట్ట లోపలే పెడతారు. క్యాన్సర్ కణాలు చెదిరి పొట్టలో పడే అవకాశం అక్కడేనని అనుమానమట. కారణం ఇదేనని ఇంకా ఖాయంగా తేలలేదని కూడా ఆవిడే చెప్పారు.

తేలిందల్లా ఫలితం. 2018లో వచ్చిన పెద్ద పరిశోధనలో 631 మంది ఆడవాళ్లని రెండు గుంపులుగా చూశారు. నాలుగున్నరేళ్లకి క్యాన్సర్ తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు పెద్ద కోతతో పొట్ట తెరిచి చేసే ఓపెన్ ఆపరేషన్‌లో 96.5 శాతం, కీహోల్‌లో 86 శాతం. ఆ అంకెలు వినగానే నాకు చేతులు చల్లబడ్డాయి. అడ్వాన్స్ తీసుకున్న చోట ఈ ముక్క ఒక్కరూ చెప్పలేదు.

"అయితే కీహోలే చెడ్డదా మేడమ్?" అన్నాను. "కాదమ్మా, పెద్దపేగు క్యాన్సర్‌కి నేనూ కీహోలే చేస్తాను. దానికి 2004లోనే 872 మంది మీద చూశారు, తేడా రాలేదు. ఏ అవయవం అన్నదాన్ని బట్టి ఉంటుంది" అన్నారు.

అమ్మ అడిగింది ఒకటే, "కోత ఎంతుంటుందమ్మా?" అని. మేడమ్ తన జాన చాపి బొడ్డు కింద పెట్టి చూపించారు. అమ్మ ఆ చేతినే కాసేపు చూసి, సరేనంది.

ఎనిమిదో రోజు ఇంటికొచ్చాం. నెలపాటు వంగే నడిచింది. ఇప్పుడు మూడు నెలలకోసారి చెకప్. ఏ క్యాన్సర్ ఓపీకి వెళ్లినా బయాప్సీ స్లైడ్లు, ఎమ్మారై సీడీ వెంట తీసుకెళ్లండి. ఏ ఆపరేషన్, ఎందుకు అని నోరు తెరిచి అడగండి.