మెదడుకి ‘స్టెమ్ సెల్స్ ప్యాకేజీ’ అంటే అడ్వాన్సు కట్టేముందు ఇది చదవండి

పార్కిన్సన్స్, పక్షవాతం, వెన్నుపూస దెబ్బ, పిల్లల్లో సెరెబ్రల్ పాల్సీ... ఇంట్లో ఇలాంటి పేషెంట్ ఉన్నవాళ్ళ కోసం ఈ పోస్టు. ‘న్యూరల్ స్టెమ్ సెల్స్‌తో (నాడీ మూలకణాలతో) మెదడులో కొత్త కణాలు పుట్టిస్తాం’ అని చెప్పి హైదరాబాద్‌లో ఒక సెంటర్ మా చిన్నాన్న దగ్గర 2 లక్షలు అడ్వాన్సు కట్టించుకుంది. ఆ డబ్బు ఇంకా వెనక్కి రాలేదు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయను. వాళ్ళ పద్ధతి తెలిస్తే పేరు ఏదైనా మీరే గుర్తుపడతారు.

చిన్నాన్నకి పార్కిన్సన్స్. లెవోడోపా మాత్ర ఇదివరకటిలా ఎక్కువసేపు పనిచేయడం లేదు. అలాంటప్పుడు ‘ఉచిత అవగాహన సదస్సు’ అని వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. ఒక హోటల్లో టిఫిన్లు పెట్టి వీడియోలు చూపించారు. మొదట వణుకుతూ అడుగు వేయలేని మనిషి, తర్వాత గబగబా మెట్లెక్కుతున్న అదే మనిషి. పార్కిన్సన్స్ ఉన్న ఇంట్లో అందరికీ తెలిసిందే కదా, మాత్ర వేసుకోకముందు, వేసుకున్న గంటకి వీడియో తీస్తే ఏ కణాలూ ఎక్కించకుండానే అంత తేడా కనిపిస్తుంది. ఆ రోజు హాల్లో ఈ మాట ఎవరూ అనలేదట.

తర్వాత ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి మాట్లాడింది డాక్టరు కాదు, ‘పేషెంట్ కౌన్సెలర్’. మూడు డోసులు, 6 లక్షల చిల్లర. ఈ నెలలోనే కడితే డిస్కౌంట్, కావాలంటే ఈఎంఐ. “అంకుల్, ఆలస్యం చేస్తే కణాలు పట్టవు” అని భయపెట్టింది. చిన్నమ్మ వద్దంటున్నా అక్కడే కార్డు గీకించారు.

కాగితాలు నా చేతికొచ్చాక చూస్తే, తుంటి ఎముకలోంచి మజ్జ తీసి, శుద్ధి చేసి, వెన్నులోకి ఎక్కిస్తారని ఉంది. మజ్జలో ఉండేవి ప్రధానంగా రక్తకణాలను తయారుచేసే మూలకణాలు. ఎముక, కొవ్వు, మృదులాస్థి కణాలుగా మారగలిగేవి కూడా కొన్ని ఉంటాయి. న్యూరల్ స్టెమ్ సెల్స్ ఉండేది మెదడులో. పరిశోధనలకి వాటిని పిండకణజాలం నుంచి తీస్తారు, లేదా ల్యాబ్‌లో వేరే మూలకణాల నుంచి పెంచుతారు. తుంటిలోంచి అవి రావు. ఇదే అడిగితే “లోపలికి వెళ్ళాక అవే న్యూరాన్లు అయిపోతాయి సార్” అంది కౌన్సెలర్.

ఈ రంగంలో అసలు పని జరగడం లేదని కాదు. జపాన్‌లోని క్యోటో యూనివర్సిటీ 2018లో పార్కిన్సన్స్ ట్రయల్ (పేషెంట్ల మీద చేసే పరీక్ష) మొదలుపెట్టింది. పార్కిన్సన్స్‌లో తగ్గిపోయే డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలుగా ఎదిగేవాటిని ల్యాబ్‌లో పెంచి, ఆపరేషన్ చేసి ఏడుగురి మెదడులో పెట్టారు. వాళ్ళ శరీరాలు ఆ కణాలను తిరస్కరించకుండా మందులిచ్చి, రెండేళ్ళు గమనించి, 2025లో ఫలితాలు ప్రచురించారు. తీవ్రమైన దుష్ప్రభావాలు కనబడలేదు, కొందరిలో మెరుగుదల ఉంది అన్నారు, అంతే. మనవాళ్ళేమో వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చి సాయంత్రానికి ఇంటికి పంపిస్తారట.

నిజంగా నాడీ మూలకణాలే ఎక్కించినా ప్రమాదం లేకపోలేదు. అటాక్సియా టెలాంజియెక్టేజియా అనే అరుదైన జన్యు వ్యాధి ఉన్న ఇజ్రాయెల్ అబ్బాయికి మాస్కోలో పిండాల నుంచి తీసిన నాడీ మూలకణాలు ఎక్కించారు. మొదటి చికిత్స అయిన నాలుగేళ్ళకి మెదడులో, వెన్నులో కణితులు బయటపడ్డాయి. వెన్ను కణితి తీసి పరీక్షిస్తే అందులో కణాలు ఆ అబ్బాయివి కావు, దాతలవి. 2009లో ఇది వైద్య పత్రికలో వచ్చింది.

మన దేశంలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం కలిసి ఇచ్చిన 2017 మార్గదర్శకాల ప్రకారం, రక్త సంబంధ వ్యాధులలాంటి వాటికి చేసే మజ్జ మార్పిడి తప్ప మిగతా స్టెమ్ సెల్ వైద్యం అనుమతి ఉన్న ట్రయల్‌లోనే జరగాలి. ట్రయల్ అయితే పేషెంట్ దగ్గర డబ్బు తీసుకోకూడదు. కాబట్టి ముందు అడగాల్సింది సీటీఆర్ఐ నంబరు, అంటే ట్రయల్స్ నమోదయ్యే జాతీయ రిజిస్ట్రీలో దాని నంబరు. ఆ వెబ్‌సైట్లో ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. మాకూ ఒక నంబరు ఇచ్చారు. తెరిచి చూస్తే మోకాళ్ళ అరుగుదల మీద వేరే ఊళ్ళో ఎవరో చేసిన అధ్యయనం! నంబరు సరిపోయినా అంతటితో ఆగకండి, అది నమోదు మాత్రమే, అనుమతి కాదు. డ్రగ్స్ కంట్రోలర్ అనుమతి పత్రం, ఎథిక్స్ కమిటీ పత్రం కూడా అడగండి.

రీఫండ్ అడిగితే “అడ్వాన్సు ప్రాసెసింగ్‌కి ఖర్చయింది” అన్నారు. మజ్జే తీయలేదు, దేన్ని ప్రాసెస్ చేశారో మరి. రసీదులో ‘చికిత్స’ అని, సమ్మతి పత్రం అడుగున చిన్న అక్షరాల్లో ‘పరిశోధనాత్మకం, ఫలితానికి హామీ లేదు’ అని ఉంది. సంతకం పెట్టేముందు ఆ అడుగు భాగం చదవండి.

జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాం. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు ఉండదు, ఆన్‌లైన్‌లో కూడా వేయవచ్చు. తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌కి కూడా రాశాం. పక్షవాతం నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కిందే నేరం, కాబట్టి కరపత్రాలు పారేయకండి. మా దగ్గర బాగా పనికొచ్చింది కౌన్సెలర్ పంపిన వాయిస్ మెసేజ్‌లు. ‘నూటికి నూరు శాతం గ్యారంటీ అంకుల్’ అన్న మాట ఆమె గొంతుతోనే ఉంది. మీకూ అలాంటివి వస్తే డిలీట్ చేయకుండా ఇంకో ఫోన్లోకి పంపి పెట్టుకోండి.