ప్రార్థిస్తున్నానని చెప్పే యాప్: హనుమకొండ నుంచి ఒక సమీక్ష

హనుమకొండ, కాజీపేట ప్రాంతాల క్రైస్తవ సంఘాల్లో ఈ మధ్య ఒక మొబైల్ యాప్ మాట తరచుగా వినిపిస్తోంది. బైబిల్ ప్రశ్నలకు తెలుగులో జవాబు చెబుతుందని, ప్రసంగం రాసిస్తుందని, బాధ చెప్పుకుంటే ఓదారుస్తుందని దాన్ని వాడేవారు అంటున్నారు. కృత్రిమ మేధతో పనిచేసే ఇలాంటి సేవలు ఇప్పుడు చాలా ఉన్నాయి, వాటి గుణదోషాలు కూడా దాదాపు ఒకే తీరుగా ఉంటాయి కనుక దీని పేరు ఇక్కడ రాయడం లేదు. యువజన కూడికలోనూ సండే స్కూల్లోనూ దీన్ని వాడవచ్చునా అన్న ప్రశ్న మా సంఘ పెద్దల ముందుకు వచ్చినప్పుడు, చూసి చెప్పే బాధ్యత వారిలో ఒకడినైన నా మీద పడింది. ఉచితంగా వాడుకొనే పద్ధతినీ, నెలనెలా చందా కట్టే పద్ధతినీ రెండింటినీ చూసిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా మెచ్చుకోవలసినది మెచ్చుకోవాలి. వచనం వెతికిపెట్టే పనిలో ఈ యాప్ నిజంగా అక్కరకు వస్తుంది. మన సంఘాల్లో చాలామంది పెద్దలకు వాక్యం చెవుల ద్వారానే అబ్బింది. వచనం సగం గుర్తుంటుంది, అధ్యాయం గుర్తుండదు. "ఏడ్చువారితో ఏడువుడి అని ఎక్కడో ఉంది" అని నోటితో అడిగితే, రోమా పత్రిక 12వ అధ్యాయం 15వ వచనమని చూపించి, దానికి ముందు వెనుక ఉన్న వచనాలను కూడా తెరమీద పెట్టింది. అక్షరాలను పెద్దవి చేసుకొనే వీలు, చదివించుకొని వినే వీలు ఉన్నందువల్ల చూపు తగ్గినవారూ చదువు రానివారూ కూడా దీన్ని వాడుకోగలరు.

అయితే వచనం వెతకడం వేరు, అడిగిన ప్రశ్నకు వచనాలతో జవాబు రాయడం వేరు. "వెతుకు" అనే విభాగంలో నాకు తప్పు కనబడలేదు. "అడుగు" అనే విభాగంలోకి వెళ్లగానే నమ్మకం సడలింది. ఇలాంటి యాప్‌ల వెనుక పనిచేసే భాషా నమూనాలు స్వతహాగా గ్రంథం తెరిచి చూసి జవాబు చెప్పేవి కావు. తాము నేర్చుకొన్న అపారమైన రాతల పోకడను బట్టి, తరువాత ఏ మాట రావడానికి అవకాశం ఎక్కువో లెక్కగట్టి మాట వెంట మాట పేర్చుకుంటూ పోతాయి. అప్పుల గురించి సామెతల గ్రంథం ఏమంటుందని అడిగినప్పుడు, అప్పు చేసినవాడు అప్పిచ్చినవానికి దాసుడని చెప్పే 22వ అధ్యాయం 7వ వచనాన్ని సరిగానే చూపించింది గానీ, దాని పక్కనే "యెడల", "కలుగును", "గాక" వంటి మాటలు పొదిగి, అచ్చం మన పాత అనువాదపు నుడికారంలో ఇంకొక వాక్యాన్ని పెట్టింది. అది చెప్పిన అధ్యాయంలో అటువంటి వచనమే లేదు. తరతరాలుగా ఆ నుడికారం చెవిన పడితే చాలు తల వంచే అలవాటు మన జనానికి ఉంది. కల్పించిన మాట ఆ వేషంలో వచ్చినప్పుడు పట్టుకోవడం వేదాంత కళాశాలలో చదువుకొన్నవారికి కూడా సులువు కాదు.

సంప్రదాయ భేదాలు దీనికి పట్టవు. కథోలికుల బైబిల్లో 73 గ్రంథాలు, ప్రొటెస్టెంట్ల బైబిల్లో 66 గ్రంథాలు ఉన్నాయన్న సంగతి తెలిసిందే. కాజీపేటలోని ఫాతిమా కథీడ్రల్‌కు వెళ్లే మా బంధువు ఒకరు, కథోలికుల బైబిల్లో ఉండి ప్రొటెస్టెంట్ల బైబిల్లో లేని తోబీతు గ్రంథం గురించి అడిగితే, అది బైబిల్లో లేదని ఒక్క ముక్కలో తేల్చేసింది. ఏ సంఘానికి చెందినవారో ముందే అడిగి తెలుసుకొంటే తీరిపోయే లోపం ఇది.

ప్రసంగాల విషయం ఇంత తేలికగా తేలదు. పరకాల, నర్సంపేట వైపు పల్లెల్లో ఒకే పాస్టరు గారు రెండు మూడు సంఘాలను చూసుకుంటూ, వారమంతా కూలికో చిన్న ఉద్యోగానికో వెళ్లడం మామూలే. శనివారం రాత్రి అలసి ఇల్లు చేరిన మనిషికి ప్రసంగానికి ఒక ఆధారం దొరకడం తప్పని నేను అనలేను. వ్యాఖ్యాన గ్రంథాలు కొనే స్థోమత లేనివారికి, ఇంగ్లీషు రానివారికి ఇది అందించే చారిత్రక నేపథ్యం విలువైనదే. కానీ తయారైన ప్రసంగం వింటే అది ఏ ఊరి సంఘం కోసం రాసినదో బోధపడదు. మంచు కురిసే ఉదయాలు, విమానాశ్రయంలో ఎదురుచూపులు ఉదాహరణలుగా వచ్చాయి. ఎనుమాముల మార్కెట్లో మిర్చి ధర పడిపోయిన వారం అని నేను ప్రత్యేకంగా చెప్పిన తరువాత కూడా, ధర పడినా దేవుని కృప పడిపోదు అన్న వాక్యం ఒకటి చివర అతికించి ఊరుకొంది. బస్తాలు దించి, ధర విని, తిరిగి ఎత్తుకుపోలేక అమ్ముకొన్నవారి ముందు నిలబడి ఆ వాక్యం చదవడానికి ఏ పాస్టరు గారికైనా నోరు రాదు.

ఈ ప్రాంత క్రైస్తవ చరిత్ర తెలిసినవారికి ఇక్కడ డోర్నకల్ గుర్తుకు రాక మానదు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకం పొంది, 1945లో కన్నుమూసేవరకు డోర్నకల్ బిషప్పు బాధ్యతలోనే ఉన్న వి.ఎస్. అజరయ్య, బాప్తిస్మం తీసుకొన్న పల్లె జనం చేత తలపై చేయి పెట్టించి, తాము బాప్తిస్మం పొందిన క్రైస్తవులమనీ, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ అనీ పలికించేవారు. అక్షరం ముక్క రాని కూలి మనిషి కూడా తన నోటితో, తన ఊళ్లో, తనను ఎరిగినవారి ఎదుట పలకవలసిన మాట అది. చేయి పెట్టుకోవడానికి యాప్‌కు తల లేదు, అది పొందిన బాప్తిస్మం లేదు, చెప్పిన మాటకు పడవలసిన శ్రమ కూడా లేదు. అమెరికాలో సదరన్ బాప్టిస్టులు అనే ప్రొటెస్టెంట్ శాఖకు చెందిన నైతిక వ్యవహారాల విభాగం 2019 ఏప్రిల్‌లో వెలువరించిన ప్రకటన, తమ నైతిక బాధ్యతను మనుషులు ఏ కృత్రిమ మేధకూ అప్పగించకూడదని చెప్పింది. ఈ సూత్రాన్ని మన సంఘాలకు అన్వయించుకొంటే, యాప్ రాసిచ్చిన ప్రసంగాన్ని ఉన్నదున్నట్లు చదివే పాస్టరు గారు ఆ సంగతి సంఘానికి చెప్పి తీరాలన్నది నా అభిప్రాయం. సిగ్గుపడి చెప్పలేకపోతే, ఆ ప్రసంగం చదవకుండా ఉండడమే మేలు.

ఇక నాకు అన్నిటికంటే ఎక్కువ అభ్యంతరం కలిగించినది "ఓదార్పు" అనే విభాగం. దాన్ని తెరవగానే తెల్లని అంగీ తొడుక్కొన్న నడివయసు మనిషి బొమ్మ కనబడి, "బిడ్డా, నీ భారం నాతో చెప్పు" అంటుంది. పత్తి ఖరాబైంది, అప్పులోళ్లు ఇంటికాడికి వస్తున్నరు, బతకబుద్ధి అయితలేదు అని పరీక్ష కోసం మన మాటల్లోనే రాశాను. మన యాసను అర్థం చేసుకోవడంలో అది తడబడలేదు. "యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు" అన్న కీర్తనతో మొదలుపెట్టి, మరికొన్ని వచనాలు చెప్పి, "నేను నీ కోసం కన్నీళ్లతో ప్రార్థిస్తున్నాను" అని ముగించింది. ఇంట్లోవారికి చెప్పమని గానీ, పాస్టరు గారిని పిలవమని గానీ, ఎవరికైనా ఫోన్ చేయమని గానీ ఒక్క మాట అనలేదు. పత్తి రైతుల ఆత్మహత్యలు చూసిన ఈ జిల్లాల్లో అమ్మే సేవకు ఇది క్షమించరాని లోపం. మానసిక వేదనలో ఉన్నవారి కోసం కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి-మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఆ అయిదంకెలను తెరమీద చూపించడానికి గొప్ప సాంకేతికత ఏదీ అక్కరలేదు.

ప్రార్థిస్తున్నానన్న మాట దగ్గర నేను ఎందుకింతగా ఆగిపోయానని మా యువకులు అడిగారు. ఒకరి కోసం ప్రార్థించేవాడు దేవుని ఎదుట నిలబడతాడు, మరునాడు ఆ మనిషి చౌరస్తాలో ఎదురైతే ఆగి మంచిచెడ్డలు అడగవలసినవాడవుతాడు, అవసరమైతే ఆసుపత్రికి వెంట వెళ్లవలసినవాడవుతాడు. జవాబు తెరమీదికి రావడంతోనే పని ముగిసిపోయే యంత్రం విషయంలో వీటిలో ఏ ఒక్కటీ నిజం కాదు. "నీ పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకకూడదు" అన్న ఆజ్ఞ న్యాయస్థానానికే పరిమితమని మన సంఘాలు ఎన్నడూ బోధించలేదు. మాటను నమ్మినవాడు నష్టపోయే ప్రతి చోటా అది వర్తిస్తుందనే చెప్పాయి. యంత్రానికి పాపం అంటదు. ఆ వాక్యాన్ని దాని నోట పెట్టి, అది నిజమని ఒక దిక్కులేని మనిషి నమ్మడం మీద వ్యాపారం చేసేవారికి అంటుంది.

వాటికన్ 2025 జనవరి 28న వెలువరించిన "అంతీక్వా ఎత్ నోవా" అనే పత్రం, కృత్రిమ మేధను ఒక వ్యక్తిగా చూపించడాన్ని ఎల్లప్పుడూ మానుకోవాలనీ, మోసగించడానికి అలా చేస్తే అది తీవ్రమైన నైతిక ఉల్లంఘన అనీ స్పష్టం చేసింది. ప్రొటెస్టెంటునైన నేను ఆ పత్రాన్ని అధికారికంగా భావించవలసిన పని లేదు గానీ, ఈ సంగతిని ఇంతకంటే సూటిగా చెప్పినవారు నాకు కనబడలేదు. అమెరికాలోని కథోలిక్ ఆన్సర్స్ అనే సంస్థ 2024 ఏప్రిల్‌లో "ఫాదర్ జస్టిన్" పేరుతో కథోలిక మతగురువు వేషంలో ఒక కృత్రిమ మేధ పాత్రను విడుదల చేసి, విమర్శలు చెలరేగడంతో కొద్ది రోజుల్లోనే ఆ గురువు హోదాను తీసేసి మామూలు మనిషి వేషానికి మార్చింది. మన యాప్‌లో తెల్లంగీ మనిషి మాత్రం ఇంకా అలాగే కూర్చుని ఉన్నాడు.

ఆ మనిషికి చెప్పుకొన్న మాటలు ఎక్కడికి పోతాయన్నది తరువాతి ప్రశ్న. నియమాల పత్రం ఇంగ్లీషులో మాత్రమే ఉంది. సంభాషణలను సేవ మెరుగుదలకు వాడుకొంటామని అందులో రాసి ఉంది. విశ్వాసులు గురువు దగ్గర పాపాలు ఒప్పుకొనే పాపసంకీర్తనలో విన్న రహస్యాన్ని నేరుగా బయటపెట్టిన కథోలిక గురువుకు ఆ సంఘ ధర్మశాస్త్రం విధించే శిక్ష వెలి. మా సంఘాల్లో అంతటి శాస్త్రం లేకపోయినా, పాస్టరు గారికి చెప్పుకొన్న మాట వీధిలో వినబడితే ఆయనకు ఆ ఊళ్లో ముఖం చెల్లదు. యాప్‌కు ఈ రెండు భయాలూ లేవు. పైగా మన దగ్గర ఇంకొక చిక్కు ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఇప్పుడు అమలులో ఉన్న రూపంలో హిందూ, సిక్కు, బౌద్ధ మతాల వారికే ఎస్సీ హోదాను గుర్తిస్తుంది. క్రైస్తవం స్వీకరించిన ఎస్సీలను తెలంగాణలో బీసీ-సి కింద లెక్కిస్తారు. ఒక కుటుంబం ఎక్కడ ప్రార్థన చేస్తుందన్నది చదువులతో, ఉద్యోగాలతో ముడిపడిన చోట, బాప్తిస్మం గురించి, ఇంటి గొడవల గురించి చెప్పిన మాటలను ఫోన్ నంబరుతో సహా ఎక్కడో ఉన్న సర్వర్లలో దాచే యాప్‌ను సంఘం తరఫున సిఫారసు చేయడానికి నాకు చేయి రాలేదు. సండే స్కూలు పిల్లల సంగతి మరీ స్పష్టం. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని పిల్లలుగానే పరిగణించి, వారి సమాచారం వాడుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. ఈ యాప్ వయసు అడగనే అడగలేదు.

ఈ విషయాలన్నీ కంపెనీకి రాశాను. సహాయ నంబరు పెట్టడాన్ని పరిశీలిస్తామని, ప్రార్థన వాక్యం వాడుకరులకు నచ్చుతోంది కనుక దాన్ని తీయబోమని జవాబిచ్చారు. వచనాలు వెతుక్కోవడానికి ఎవరికి వారు వాడుకోవచ్చునని, ఓదార్పు విభాగాన్ని యువజన కూడికలో పరిచయం చేయకూడదని, సండే స్కూల్లో అసలు వాడకూడదని మా సంఘ పెద్దలు నిర్ణయించారు. చందా కట్టినవారికి అదనంగా దొరికేది ప్రసంగాలు, ఓదార్పు మాత్రమే కనుక దానికి డబ్బు పెట్టవలసిన అవసరం నాకు కనబడదు. ఇప్పటికే చందా కట్టి మానుకోదలచినవారు, యాప్‌ను ఫోన్ నుంచి తీసేసినంత మాత్రాన ఖాతా పోదని గమనించాలి. ముందుగా పాత సంభాషణలను తుడిచి, సెట్టింగుల చివర ఉన్న చోట ఖాతాను తొలగించి, ఆ తరువాత ప్లే స్టోర్‌లోకి వెళ్లి చందాను విడిగా రద్దు చేసుకోవాలి. లేకపోతే నెలనెలా డబ్బు కోత పడుతూనే ఉంటుంది.