రెండున్నరేళ్లు చదివాక ఈ డైనోసార్ల బొమ్మల పుస్తకం గురించి

పాపకి మూడేళ్లు నిండినప్పుడు కొన్నాను, ఇప్పుడు తనకి ఐదున్నర. మధ్యలో కొన్ని నెలలైతే రోజూ రాత్రి ఇదే చదవాలి, వేరే పుస్తకం తీస్తే ఒప్పుకునేది కాదు. అన్నిసార్లు చదివినా నాకు విసుగు రాలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

కథంటూ పెద్దగా ఏమీ లేదు. డైనోసార్లు ఇప్పటి కాలంలో మన మధ్యే తిరుగుతుంటాయి, ఎక్కడి నుంచి వచ్చాయని ఎవరూ అడగరు. బ్రాకియోసారస్ బస్సెక్కితే మెడ పట్టదు, తల బయటే పెట్టుకుని కూర్చుంటుంది. స్టెగోసారస్ లైబ్రరీకి వెళ్లేటప్పుడు ఎవరికీ గుచ్చుకోకూడదని తోక చివరనున్న నాలుగు ముళ్లకీ నాలుగు బంతులు తొడుక్కుంటుంది. అంత పెద్ద ఒళ్లు వేసుకుని చిన్నవాళ్ల మధ్య ఒళ్లు దగ్గర పెట్టుకుని మసలడం, పుస్తకమంతా ఇదే, నాకు బాగా నచ్చిందీ ఇదే.

ఒక పేజీలో ట్రైసెరాటాప్స్ జారుడుబల్ల దగ్గర నిలబడి, జారి వచ్చే పిల్లల్ని పట్టుకుంటూ ఉంటుంది. కింద ఒకే వాక్యం, అది అందరినీ పట్టుకుంటుందని. నేను ఎన్నోసార్లు చదివి పేజీ తిప్పేశాను. ఒకరోజు పాప నా చెయ్యి ఆపి, "దానికీ ఎక్కాలని ఉందమ్మా, చూడు" అంది. చూస్తే నిజంగానే వెనక కాలొకటి నిచ్చెన మొదటి మెట్టు మీద ఉంది. తన బరువుకి విరిగిపోతుందని ఆగిపోయినట్టుంది. ఆ మాట వాక్యంలో ఎక్కడా లేదు, బొమ్మలోనే ఉంది. నాలుగేళ్ల పిల్లకి కనిపించింది నాకు కనిపించలేదు.

టి రెక్స్ అంటే పాపకి మొదట్లో చాలా భయం. ఈ బొమ్మలు వేసినవాళ్లు ఆ భయం పోగొట్టడానికి పళ్లు చిన్నవి చేయలేదు, దాన్ని తీసుకెళ్లి డెంటిస్ట్ దగ్గర కూర్చోబెట్టారు. డాక్టర్ నిచ్చెనెక్కి నోట్లోకి చూస్తుంటే, అది రెండు వేళ్ల చిన్న చేత్తో నర్సు చెయ్యి పట్టుకుని ఉంటుంది. వేళ్లు కూడా సరిగ్గా రెండే వేశారు. పాపకి పన్ను చూపించాల్సి వచ్చినప్పుడు నేను టెన్షన్ పడ్డాను గానీ, తను ముందురోజు రాత్రి ఈ పేజీ రెండుసార్లు చదివించుకుని, అక్కడికి వెళ్లాక నా రెండు వేళ్లు పట్టుకుంది.

లోపాలున్నాయి. రెండో ఏడాదికి మధ్య కాగితాలు కుట్టు ఊడిపోతే టేపు అంటించాను. అంతకంటే పెద్ద ఫిర్యాదు చివరి పేజీ మీద. కథలో స్టెగోసారస్, టి రెక్స్ పాత స్నేహితులు. నిజానికి ఆ రెండింటి మధ్య దాదాపు 8 కోట్ల సంవత్సరాల తేడా ఉంది. అయినా కథ కాబట్టి నాకు ఇబ్బంది లేదు. కానీ 'నిజాలు' అని పేరు పెట్టిన పేజీలో ప్టెరనోడాన్‌ని డైనోసార్ అని రాయడం ఒప్పుకోలేను, అది ఎగిరే సరీసృపం, డైనోసార్ల కోవలోకి రాదు. వెలోసిరాప్టర్‌ని మనిషంత ఎత్తున, ఈకలు లేకుండా వేశారు. అది టర్కీ కోడంతే ఉండేది, దాని ముంజేతి ఎముక మీద ఈకలు అతుక్కున్న గుర్తులు దొరికాయని 2007లోనే శాస్త్రవేత్తలు ప్రకటించారు. పిల్లలు ఈ పేర్లూ కొలతలూ మనకంటే గట్టిగా గుర్తుపెట్టుకుంటారు, మళ్లీ అచ్చు వేసేటప్పుడైనా సరిచేయాలి.

మూడేళ్ల నుంచి ఆరేళ్ల పిల్లలున్నవాళ్లు ధైర్యంగా కొనండి. పేజీకి రెండు మూడు పొట్టి వాక్యాలే, ఈ మధ్య పాప తనే వేలు పెట్టి చదువుకుంటోంది. అలా చదువుతూనే, ప్రతి బొమ్మలోనూ ఒక మూల బుల్లి పిట్ట ఉందని మొన్న కనిపెట్టింది. 6.6 కోట్ల ఏళ్ల కిందట డైనోసార్లు అంతరించినా వాటిలో ఒక కొమ్మ మిగిలిందని, ఆ కొమ్మే ఇప్పటి పక్షులని చెప్పాను. "అయితే ఆ పిట్ట వీళ్ల చుట్టమా?" అని మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది. డెంటిస్ట్ పేజీలో మాత్రం ఇంకా దొరకలేదు, రోజూ వెతుకుతున్నాం.