ముందే కడితే తగ్గింపా, ఆలస్యమైతే వడ్డీనా?

తాడిపత్రిలో మా బండల పాలిషింగ్ యూనిట్ నుంచి లారీ కదిలిందంటే, డబ్బు చేతికొచ్చేదాకా టెన్షనే. రెండు పద్ధతులూ చూశాం.

మొదటిది తగ్గింపు. లక్ష రూపాయల బిల్లుకు గడువు 30 రోజులు. 10 రోజుల్లో కడితే 2 శాతం వదిలేస్తాం. డబ్బు చకచకా వస్తుంది. కానీ లెక్క వేస్తే, 20 రోజులు ముందు తెప్పించుకోడానికి మనమే నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీ కట్టినట్టు. బ్యాంకు ఓడీ (ఖాతాలో ఉన్నదానికన్నా ఎక్కువ వాడుకునే అప్పు) ఇంతకన్నా చవక. పైగా కొందరు 25వ రోజున కట్టి కూడా 98 వేలే పంపుతారు. అడిగితే, "ఏంది అన్నా, రెండు వేలకా?" అంటారు.

రెండోది ఆలస్యానికి వడ్డీ. బిల్లు కింద అచ్చేస్తాం, అడగడానికే మొహమాటం. చట్టం మాత్రం గట్టిదే. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం) ప్రకారం చిన్న యూనిట్లకు ఒప్పందం ఎలా ఉన్నా 45 రోజుల్లోపు చెల్లించాలి. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీ. అయితే కేసు వేశాక ఆ పార్టీ మళ్లీ మన గేటు తొక్కదు.

కొత్త పార్టీలకు నేను తగ్గింపే ఇస్తున్నా. పాతవాళ్లకు వడ్డీ వేయను గానీ, బాకీ తీరేదాకా తర్వాతి లారీకి లోడు ఎత్తించను.