నాటుకోడి కొట్టు: కూరకి ఫుల్ మార్కులు, బోర్డుకి కోత

మా కాలనీ చివర పెట్టిన నాటుకోడి కొట్టులో కోయించేటప్పుడు కందనకాయ కోసి చూపించమనండి. విసుక్కోకుండా చూపిస్తారు. మాకు ఇచ్చినదాంట్లో జొన్నలు, నూకలు, గరిక ముక్కలు, చిన్న చిన్న రాళ్లు ఉన్నాయి. అంటే బయట తిరిగి ఏరుకుతిన్న కోడే. ఫారం కోడైతే మొక్కజొన్న, సోయా చెక్క కలిపిన దాణా తిని ఆరు వారాల్లోనే రెండు కిలోలు దాటేస్తుంది. దీనికి నెలలు పడుతుంది, అందుకే ముక్క గట్టి. కుక్కర్ తప్పదు.

నా పేచీ అల్లా బోర్డుతోనే. ‘ప్రోటీన్ రెట్టింపు’ అట! మేత మారితే మాంసంలో ప్రోటీన్ పెద్దగా మారదు, మారేది కొవ్వు రకం. మేతలో అవిసె గింజలు కలిపితే ఒమేగా-3 అనే మంచి కొవ్వు పెరుగుతుంది, అది నిజమే. వీళ్లు అవిసెలు పెట్టరు, అడిగాను. ‘కొవ్వు ఎంత పసుపుపచ్చగా ఉందో చూడండి సార్, అదే బలం’ అన్నాడు కొట్టతను. ఆ రంగు పచ్చిగడ్డి, మొక్కజొన్న వల్ల వచ్చేది బాబూ, ఫారం కోడికీ వస్తుంది.

పసుపు రాసి కాల్చి ఇస్తారు, ఈకల మొదళ్లు మిగలవు. పులుసుకి బ్రహ్మాండం, వేపుడుకి వద్దు. ఆదివారం పదిలోపే వెళ్లండి, తర్వాత పుంజులు దొరకవు.