కాఫీ మిషనుకి పైపు కలపాలా, టిన్ను పెట్టాలా?

నెల రోజుల్లో నలుగురు ఇదే అడిగారు. భీమవరం నుంచి ఇద్దరు, అమలాపురం నుంచి ఒకరు, కాకినాడ అపార్టుమెంటు నుంచి ఒకరు. రోటరీ పంపు (మోటారుతో గుండ్రంగా తిరిగే పంపు) ఉన్న ఎస్ప్రెసో మిషన్, అంటే ప్రెజర్‌తో చిక్కటి కాఫీ దించేది, కొన్నారు, రోజూ ట్యాంకు తీసి నీళ్లు పోయడం విసుగొచ్చింది, నేరుగా లైను కలుపుదామనుకుంటున్నారు. ఓవర్‌హెడ్ ట్యాంకు లైనా, ఇంటికున్న ప్రెజర్ పంపు లైనా, 20 లీటర్ల వాటర్ టిన్నా అని ప్రశ్న. పాలకొల్లులో మా ఇంట్లో ఈ మూడూ చేసి చూశాను. సంక్రాంతి తర్వాత ఒకదాని దగ్గర ఆగాను. మీది వైబ్రేషన్ పంపు (అదురుతూ నీళ్లు తోసే చిన్న పంపు) మిషనైతే ఈ గొడవంతా అక్కర్లేదు, దాని ట్యాంకులో పోసుకోండి.

బయటి దేశాల వీడియోలు చూస్తే మొదటి మాటే ప్రెజర్ తగ్గించే రెగ్యులేటర్ పెట్టమని. అక్కడ వీధి పైపులోనే ప్రెజర్ దండిగా ఉంటుంది. మనకి కుళాయి ఏ గంటో రెండు గంటలో వస్తుంది, ఆ నీళ్లు సంపులో పడతాయి, సంపులోంచి మోటారుతో మేడ మీదికి ఎక్కుతాయి. ప్రెజరంటూ ఉంటే కదా తగ్గించడానికి! ప్రెజర్‌ని బార్లలో కొలుస్తారు, 10 మీటర్ల ఎత్తుకి దాదాపు ఒక బార్ లెక్క. ఒక అంతస్తు మేడ మీద ట్యాంకుంటే కింద వంటింటి కుళాయికి 0.6, 0.7 బార్‌కి మించి రాదు.

నిజానికి ఆ 0.7 కూడా సరిపోతుంది. సొంత ట్యాంకులోంచి నీళ్లు పీల్చుకునే రోటరీ మిషన్లు అసలు ప్రెజరే లేకుండా ఎస్ప్రెసోకి కావలసిన 9 బార్లు తెస్తున్నాయి కదా. అసలు చూడాల్సింది ప్రెజర్ ఎంత ఉందని కాదు, నిలకడగా ఉందా లేదా అని. రోటరీ పంపు తన దగ్గరికొచ్చిన ప్రెజర్ మీద తన వంతు కలుపుతుంది. లోపలికొచ్చేది ఒక బార్ తగ్గితే గ్రూప్ (మిషన్లో కాఫీ దిగే చోటు) దగ్గర కూడా దాదాపు బార్ తగ్గుతుంది. మిషన్ పంపుకున్న స్క్రూ తిప్పి ఎంత జాగ్రత్తగా 9 దగ్గర పెట్టినా, ఆ 9 మీరు తిప్పిన నిమిషంలో లైనులో ఉన్న ప్రెజర్‌కే చెల్లుతుంది.

ఈ సంగతి నాకు తెలిసొచ్చింది పండక్కొచ్చిన మా బావగారి వల్ల. అప్పటికి మిషన్ని ఇంటి ప్రెజర్ పంపు లైనుకి కలిపి ఉంచాను. పొద్దున్నే ఒక కాఫీ అమృతంలా వచ్చేది, వెంటనే అదే పొడి, అదే గ్రైండుతో తీసిన రెండోది నీరసంగా వచ్చేది. గ్రైండర్ని తిట్టుకున్నాను, గింజల్ని తిట్టుకున్నాను. మూడో రోజు గేజి ముందే నిలబడి చూస్తే ముల్లు 9 దగ్గర నిలిచి ఉంది, బాత్రూములో షవర్ ఆగింది, ముల్లు మెల్లగా 7.8కి దిగింది. బావగారు స్నానం చేస్తున్నంతసేపే నాకు మంచి కాఫీ దక్కుతోందన్నమాట.

కారణం పంపులో ఉంది. షవర్ల కోసం మన ఇళ్లలో బిగించే చిన్న ప్రెజర్ పంపుల్లో చాలావాటికి ఉండేది ఫ్లో స్విచ్. నిమిషానికి లీటరు పైన నీళ్లు పారితేగాని అది మేలుకోదు. ఎస్ప్రెసో అరనిమిషంలో దించేది 30, 40 మిల్లీలీటర్లు. అంత సన్నధార దానికి ఆనదు. ఇంట్లో ఎవరైనా కుళాయి తిప్పితే లైనులో 1.8 బార్, లేకపోతే ట్యాంకు ఇచ్చే 0.6. మధ్యలో మిషన్ తన బాయిలర్ నింపుకునేటప్పుడు ఇంటి పంపు ఒక్క క్షణం మొదలై ఆగిపోవడం మరో తంటా. కాబట్టి అడిగినవాళ్లందరికీ నా ఎదురు ప్రశ్న ఒకటే: మీ పంపుకున్నది ఫ్లో స్విచ్చా, లైనులో ప్రెజర్ తగ్గితే పంపుని మొదలుపెట్టే ప్రెజర్ స్విచ్చా? ఫ్లో స్విచ్ అయితే ఆ లైను జోలికి పోకండి. ప్రెజర్ స్విచ్, దానికో చిన్న ప్రెజర్ ట్యాంకు ఉన్న పంపైతే నిశ్చింతగా కలుపుకోండి. రెగ్యులేటర్ని మాత్రం పంపు ఏ ప్రెజర్ దగ్గర మళ్లీ మొదలవుతుందో అంతకంటే కిందికి పెట్టాలి. పంపు పైకీ కిందికీ ఊగినా మిషన్‌కి ఆ ఊపు తెలియదు.

మరి ఓవర్‌హెడ్ ట్యాంకు? ప్రెజర్ నిలకడలో దాన్ని మించింది లేదు. ట్యాంకులో నీళ్లు మీటరు దిగినా తేడా 0.1 బార్. నేనూ అక్కడే మొదలుపెట్టాను. ముంచింది ఫిల్టర్లు. నీళ్లు కదలకుండా ఉన్నప్పుడు గేజి చూపేది వేరు, పారేటప్పుడు చూపేది వేరు. మట్టిని ఆపే స్పన్ ఫిల్టరూ, వాసన తీసే కార్బన్ ఫిల్టరూ దాటేసరికి ఆ కాస్త ప్రెజరూ హరించుకుపోతుంది. జూలై, ఆగస్టుల్లో గోదారికి ఎర్రనీళ్లొచ్చినప్పుడు మా స్పన్ ఫిల్టరు పది రోజుల్లో ఇటుక రంగుకి తిరిగింది, పంపు నీళ్లందక గరగరమంది. మే నెలలో మేడ మీద నీళ్లు ఎలా కాగుతాయో చెప్పక్కర్లేదు. బోరు నీళ్లు కలిసే ట్యాంకైతే అసలే వద్దు. సముద్రం పక్క ఊళ్లలో బోరు ఉప్పన. సాఫ్టెనర్ సున్నాన్ని ఆపుతుందేగాని ఉప్పుని ఆపదు, ఆ ఉప్పు స్టీలు బాయిలర్ని కూడా తినేస్తుంది. కాకినాడ ఆయనది అయిదంతస్తుల మేడలో కింది ఫ్లాటు. ఆయనకి పైనుంచే ఒకటిన్నర బార్ దిగుతుంది. నీళ్లు మంచివైతే ఆయన మరో ఆలోచన పెట్టుకోనక్కర్లేదు.

గోడకి తగిలించే ఆర్వోకి కలపొచ్చా అని భీమవరం వాళ్లలో ఒకరడిగారు. దాని ట్యాంకులో ప్రెజరుండదు. వద్దు.

నేను ఆగింది టిన్ను దగ్గర. సింకు కింద టిన్ను, అందులోంచి పీల్చే చిన్న డయాఫ్రమ్ పంపు, ఎన్నార్వీ (నీళ్లు వెనక్కి పోకుండా ఆపే వాల్వు), లీటరు ప్రెజర్ ట్యాంకు, రెగ్యులేటర్, గేజి, అక్కణ్నుంచి మిషన్. బిగించిన ప్లంబరు "కప్పు కాఫీకి ఇన్ని ఫిట్టింగులేంటండి బాబూ" అన్నాడు. ఈ పంపుకున్నది ప్రెజర్ స్విచ్. 1.7 దగ్గర మొదలై 2.8 దగ్గర ఆగుతుంది, రెగ్యులేటర్ 1.5 దగ్గర ఉంది. షవర్ తిప్పినా, వాషింగ్ మిషన్ తిరిగినా ముల్లు కదలదు. ఊరెళ్లినప్పుడు ఏ పైపు ఊడినా పోయేవి 20 లీటర్లే. లైనుకి కలిపితే మేడ మీది ట్యాంకంతా వంటింట్లో ఉంటుంది.

తిప్పే వరస తారుమారు చేయకండి. ముందు రెగ్యులేటర్, తర్వాత మిషన్ పంపు స్క్రూ. రెగ్యులేటర్ని నీళ్లు పారుతుండగా చూసి తిప్పాలి. తగ్గించాలంటే అనుకున్నదానికన్నా కిందికి దించి మళ్లీ పైకి తేవాలి, లేకపోతే నిలబడదు. తర్వాత కాఫీ పొడి పోసే బాస్కెట్ బదులు కన్నాల్లేని బాస్కెట్ పెట్టి మిషన్ నొక్కి గేజి చూడండి. రోటరీ పంపు పక్కన టోపీ నట్టు విప్పితే లోపల స్క్రూ కనిపిస్తుంది. కుడికి తిప్పితే పెరుగుతుంది, ఎడమకి తగ్గుతుంది. ఒకసారికి పావు తిప్పుకి మించొద్దు. నేను మొదటిసారి ఉత్సాహంగా ఒక చుట్టు తిప్పేశాను, ముల్లు 12 దాటింది, మా ఆవిడ వంటింట్లోంచి బయటికెళ్లిపోయింది.

టిన్నుకీ ఇబ్బందులున్నాయి. ప్లాంటు నీళ్లు మరీ పల్చన. మాకొచ్చే టిన్ను టీడీఎస్ పెన్ను (నీళ్లలో కరిగిన లవణాల్ని కొలిచేది) మీద 38 చూపింది. అంత పల్చనైతే రుచి తేలిపోవడమే కాదు, కొన్ని మిషన్లలో బాయిలర్ నిండిందో లేదో చెప్పే పుల్లకి నీళ్లే తెలియవు, అది నింపుకుంటూనే పోతుంది. మున్సిపాలిటీ కాలవ నీళ్లు మా ఇంట్లో 180. వాటిని కార్బన్ ఫిల్టర్‌లోంచి పట్టి సగం సగం కలుపుతున్నాను, 110 దగ్గర ఉంటోంది. ఎండాకాలం కాలవలు కట్టేశాక నీళ్లు చెరువు వాసన కొడితే వాటా తగ్గిస్తాను.

రెండోది, టిన్ను ఖాళీ అయితే మిషన్‌కి తెలియదు, రోటరీ పంపు పొడిగా తిరిగితే పాడవుతుంది. నీళ్లు అయిపోతే ఆపే ఫ్లోట్ స్విచ్ తెప్పించాను, ఇంకా బిగించలేదు. అప్పటిదాకా రాత్రి మా ఆవిడ గ్యాసు కట్టేసి వచ్చేటప్పుడు నేను వెళ్లి టిన్ను ఒకసారి ఎత్తి బరువు చూసి, వాల్వు కట్టి వస్తున్నాను.